రక్షణ విశ్వాసం వల్లనా, విధేయత వల్లనా? అంతియొకయ భోజనం దగ్గర తేలిన మాట



ఈ మధ్య మన కూడికల్లోనూ, ఇళ్ళల్లో పెట్టుకునే ప్రార్థనల్లోనూ ఒకే ప్రశ్న తిరుగుతోంది. "అయ్యగారూ, యేసుప్రభువును నమ్ముకుంటే చాలా? లేక ఆజ్ఞలన్నీ పాటిస్తేనే రక్షణా?" ఇలా అడిగేవాళ్ళలో రెండు రకాలవాళ్ళు కనిపిస్తున్నారు. కొందరికి "నమ్మితే చాలు" అనే జవాబు కావాలి, ఎందుకంటే వాళ్ళ బ్రతుకులో దేవుడు చెయ్యి పెట్టకూడని గది ఒకటి ఉంది. ఇంకొందరికి "పాటిస్తేనే" అనే జవాబు కావాలి, ఎందుకంటే తాము పాటిస్తున్నామనీ, పక్కింటివాడు పాటించట్లేదనీ వాళ్ళ లెక్క. ఈ ఇద్దరికీ నచ్చని జవాబు ఈ రోజు రాయాలని ప్రభువు నన్ను ప్రేరేపించాడు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మనిషి దేవుని ఎదుట నీతిమంతుడుగా తీర్చబడేది క్రీస్తునందు ఉంచిన విశ్వాసం వల్ల మాత్రమే. అందులో మన విధేయత ఒక్క గింజంత కూడా కలపడానికి వీల్లేదు. ఎఫెసీ 2:8-9లో పౌలు చెప్పింది అదే. రక్షణ కృప చేసిన పని, విశ్వాసం ద్వారా మనకు అందింది, అది మన సంపాదన కాదు, దేవుడిచ్చిన వరం. అయితే ఈ "విశ్వాసం మాత్రమే" అనే మాటను పౌలు ఎక్కడ, ఏ గొడవలో, ఎవరి ముఖం మీద చెప్పాడో తెలుసుకున్న మనిషి మళ్ళీ మునుపటిలా బ్రతకలేడు. దాని గురించే ఈ వర్తమానం.

కూడిక లెక్క

"విశ్వాసమూ కావాలి, విధేయతా కావాలి, రెండూ కలిస్తే రక్షణ" అనే బోధ వినడానికి చాలా భక్తిగా ఉంటుంది. ఆ బోధకులు యేసును కాదనరు, సిలువను కాదనరు, రక్తాన్ని కాదనరు. దానికి ఇంకొకటి కలుపుతారు, అంతే. గలతీయ సంఘాల్లోకి వచ్చినవాళ్ళు చేసిందీ ఇదే. యేసును వదిలేయమని వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆయనను నమ్మండి, సున్నతి కూడా పొందండి అన్నారు. పౌలు దాన్ని చిన్న పొరపాటుగా చూడలేదు. గలతీ 1:6-9 తెరిచి చూడండి. అది వేరొక సువార్త అన్నాడు. పరలోకం నుండి దూత దిగివచ్చి చెప్పినా సరే, అలా చెప్పినవాడు శాపగ్రస్తుడే అన్నాడు. సున్నతి మీద ఆనుకుంటే క్రీస్తు వల్ల మీకు ప్రయోజనమే ఉండదని 5:2-4లో తేల్చేశాడు.

ఎందుకంత కోపం? కలిపిన చిన్నదే చివరికి అసలైపోతుంది కాబట్టి. క్రీస్తు చేయాల్సిన భాగం కల్వరిలో ముగిసింది. దాని గురించి ఎవరికీ నిద్ర పట్టకుండా ఉండదు. ఇక మిగిలిన దిగులంతా మనం చేయాల్సిన భాగం మీదే ఉంటుంది. దిగులు ఎటు పోతే నమ్మకం కూడా అటే జారుతుంది.

ఇది పుస్తకాల్లో చర్చ మాత్రమే అనుకోకండి. కొన్నేళ్ళ క్రితం మన సంఘంలో ఒక పెద్దావిడ మంచాన పడింది. నలభై ఏళ్ళు ప్రభువును నమ్మి నడిచిన తల్లి. ప్రార్థన చేయడానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, "అయ్యా, ఈ ముక్కుపుడక రావట్లేదు. పిల్లలు సబ్బు రాసి లాగినా ఊడట్లేదు. ఇది ఉండగా చచ్చిపోతే ప్రభువు నన్ను గుమ్మం దగ్గరే ఆపేస్తాడా?" అని అడిగింది. ఎవరో బోధకుడు ఆ ఊరు వచ్చినప్పుడు, ఒంటి మీద బంగారం ఉంటే ఎత్తబడరని చెప్పి పోయాడట. ముక్కు వాచి ఉంది. నలభై ఏళ్ళ విశ్వాసం ఆ వాపు ముందు ఓడిపోయేలా ఉంది. నేను లూకా 23 తెరిచి, సిలువ మీద దొంగ గురించి చదివాను. అతను బాప్తిస్మం తీసుకోలేదు. ఒక్క ఆదివారం కూడికకు రాలేదు. దశమభాగం ఇవ్వలేదు. దొంగిలించింది తిరిగి ఇవ్వడానికి అతని చేతులు మేకులతో కొట్టి ఉన్నాయి. ఆ చేతులతో ఏ పనీ చేయలేని గంటలో, నన్ను జ్ఞాపకం చేసుకోమని మాత్రం అడిగాడు. ప్రభువు అతనికి ఆ రోజునే పరదైసును వాగ్దానం చేశాడు. ఆ తల్లి మూడు రోజుల తర్వాత ముక్కుపుడకతోనే, నెమ్మదితో ప్రభువు దగ్గరికి వెళ్ళింది.

కలిపి చెప్పే బోధకులను నేను ఒకటి అడుగుతాను. ఎంత విధేయత ఉంటే చాలు? సగమా? ముప్పాతికా? మీకు ఇష్టమైన యాకోబు పత్రికే 2:10లో చెబుతోంది కదా, ధర్మశాస్త్రమంతా పాటించి ఒక్క దానిలో తప్పినా అన్నిటిలో తప్పినట్టేనని! విధేయత రక్షణకు వెల అయితే పూర్తి వెల కట్టాలి. ఆ వెల కట్టగలిగినవాడు ఒక్కడే పుట్టాడు, ఆయన మన కోసమే కట్టేశాడు.

"మరి మార్కు 16:16లో నమ్మి బాప్తిస్మం పొందినవాడు అని ఉంది కదా" అంటారు. ఆ వచనం రెండో సగం కూడా చదవండి. శిక్షకు కారణంగా అక్కడ చెప్పింది నమ్మకపోవడం ఒక్కటే. కొర్నేలీ ఇంట్లో ఏం జరిగింది? అపొస్తలుల కార్యములు 10:44-48 ప్రకారం పేతురు ఇంకా మాట్లాడుతుండగానే పరిశుద్ధాత్మ వాళ్ళ మీదికి దిగాడు. నీళ్ళు ఆ తర్వాత వచ్చాయి. దేవుడు తన ఆత్మను ఇచ్చేశాక ఇక నీళ్ళను ఎవరు ఆపగలరని పేతురు అడిగాడు. బాప్తిస్మం ప్రభువు ఆజ్ఞ, నమ్మినవాడు దాన్ని పొందాలి, నేనూ ఇస్తాను. కానీ అది దేవుడు అంగీకరించాడనడానికి గుర్తు. అంగీకరించమని మనం కట్టే రుసుము అనుకోకూడదు.

అబ్రాహాము వయస్సు లెక్క

పౌలు, యాకోబు ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలిచారు. రోమా 4లో పౌలు, అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అంటాడు. యాకోబు 2:21లో, కుమారుణ్ణి బలిపీఠం మీద ఉంచినప్పుడు క్రియల వల్ల నీతిమంతుడని తీర్పు పొందాడు అని ఉంది. ఒకరి మాట ఒకరు కొట్టేసుకున్నారని కొందరు నవ్వుతారు. ఆదికాండంలో వయస్సులు లెక్క పెడితే ఆ నవ్వు ఆగిపోతుంది.

అబ్రాహాము నమ్మాడని, నీతిగా ఎంచబడిందని ఉన్నది 15:6లో. అప్పటికి ఇష్మాయేలు కూడా పుట్టలేదు. ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాముకు 86 ఏళ్ళు (16:16). సున్నతి పొందినప్పుడు 99 ఏళ్ళు (17:24). ఇస్సాకు పుట్టినప్పుడు 100 ఏళ్ళు (21:5). ఇక మోరీయా కొండకు వెళ్ళేటప్పటికి ఇస్సాకు కట్టెలు మోయగలిగిన పిల్లవాడు (22:6). అంటే నీతిమంతుడనే మాట వచ్చాక కనీసం 13 ఏళ్ళకు సున్నతి వచ్చింది, ఇంకా ఎన్నో ఏళ్ళకు కొండ వచ్చింది. పౌలు రోమా 4:10లో ఈ కాలం లెక్క మీదే తన వాదమంతా నిలబెట్టాడు. సున్నతికి ముందా, తర్వాతా అని అడిగి, ముందే అని తేల్చాడు.

యాకోబుకు ఈ లెక్క తెలియదా? తెలుసు. 2:23లో ఆయనే ఆదికాండం 15:6ని ఎత్తి, ఆ లేఖనం కొండ మీద నెరవేరింది అన్నాడు. ముందు చెప్పిన మాట తర్వాత నిజమని కనబడింది. దేవుడు గుడారంలో ఎంచినదాన్ని మనుషులు కొండ మీద చూశారు. పౌలు అడుగుతున్న ప్రశ్న, పాపి దేవుని ఎదుట ఎలా నిలబడతాడు అని. యాకోబు అడుగుతున్న ప్రశ్న, ఇతనికి నిజంగా విశ్వాసం ఉందా, లేక ఉందని నోటితో అంటున్నాడా అని. 2:14 చూడండి. ఒకడు తనకు విశ్వాసం ఉందని చెప్పుకుంటే అన్న మాటతోనే ఆ వాదం మొదలవుతుంది.

"మాత్రమే" అనే మాట బైబిల్లో ఉందా?

అవతలివాళ్ళ గట్టి వాదం ఒకటుంది. దాన్ని దాచడం న్యాయం కాదు. "విశ్వాసం మాత్రమే" అనే మాటలు కలిసి వచ్చేది బైబిల్లో ఒక్కచోటే, అదీ యాకోబు 2:24లో కాదు అని చెప్పడానికే. రోమా 3:28ని 1522లో జర్మను భాషలోకి తెచ్చినప్పుడు మార్టిన్ లూథరు "మాత్రమే" అనే మాటను తానే చేర్చాడు. గ్రీకులో ఆ మాట లేదు. విమర్శలు వస్తే 1530లో అనువాదం గురించి ఒక బహిరంగ లేఖ రాసి, ఆ వాక్యం అర్థం జర్మనులో స్పష్టంగా రావాలంటే ఆ మాట ఉండాల్సిందేనని సమర్థించుకున్నాడు. అర్థం విషయంలో ఆయన చెప్పింది నిజమే. "ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వల్ల" అన్నాక మిగిలేది విశ్వాసం ఒక్కటే కదా.

అదే 1522 పుస్తకానికి రాసిన ముందుమాటలో లూథరు యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. ఆ మాట ఒప్పు కాదు. తర్వాతి ముద్రణల్లో ఆ వాక్యం లేదు. కానీ "లూథరు విధేయత అక్కర్లేదన్నాడు" అని ఎవరైనా అంటే అది అబద్ధం. రోమా పత్రికకు రాసిన ముందుమాటలో ఆయన, విశ్వాసం ఊరికే కూర్చోలేని జీవమున్న శక్తి అనీ, నిప్పు నుండి వేడినీ వెలుగునూ విడదీయలేనట్టే విశ్వాసం నుండి మంచి క్రియలను విడదీయలేమనీ చెప్పాడు. తన స్నేహితుడైన యోహాన్ అగ్రికోలా, ధర్మశాస్త్రాన్ని సంఘంలో ఇక బోధించనక్కర్లేదని మొదలుపెట్టినప్పుడు, 1537 నుండి అతన్ని ఎదిరించి రాసినవాడూ వాదించినవాడూ లూథరే. కాబట్టి "నేను ఫలానా సంవత్సరంలో చెయ్యెత్తాను, రక్షణ అయిపోయింది, ఇక నన్నెవరూ అడగకూడదు" అనేవాళ్ళు లూథరు వెనుక దాక్కోలేరు. తీతు 2:11-12 ప్రకారం రక్షించే కృపే మనకు పాఠం కూడా చెబుతుంది. పాఠం చెప్పని కృపను మీకు ఎవరైనా ఇచ్చి ఉంటే, అది ఎవరి దగ్గర తీసుకున్నారో ఒకసారి ఆలోచించండి.

అంతియొకయలో బల్ల దగ్గర

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మనుషుడు ధర్మశాస్త్ర క్రియల వల్ల కాక యేసుక్రీస్తునందలి విశ్వాసం వల్లనే నీతిమంతుడవుతాడని గలతీ 2:16లో పౌలు రాశాడు. ఆ ఒక్క వచనంలో ఆ మాటను తిప్పి తిప్పి మూడుసార్లు చెప్పాడు. ఈ వచనం మనందరికీ కంఠతా వచ్చు. దాని పైన 11 నుండి 14 వచనాలు ఎంతమందికి గుర్తున్నాయి?

అంతియొకయలో పేతురు అన్యజనుల్లో నుండి వచ్చిన విశ్వాసులతో కలిసి భోజనం చేస్తుండేవాడు. యెరూషలేము నుండి, యాకోబు దగ్గర నుండి కొందరు వచ్చారు. వాళ్ళు ఏమనుకుంటారో అని భయపడి పేతురు మెల్లగా లేచి వేరు కూర్చున్నాడు. మిగతా యూదులూ లేచారు. చివరికి బర్నబా కూడా లేచిపోయాడు. పౌలు అందరి ముందు పేతురును నిలదీశాడు.

గమనించండి. పేతురు నోటితో తప్పు బోధ ఏదీ చెప్పలేదు. అన్యజనులు రక్షణ పొందలేదని అనలేదు. అడిగితే విశ్వాసం వల్లే రక్షణ అని మనకంటే బాగా చెప్పేవాడు, కొర్నేలీ ఇంటికి వెళ్ళి చూసినవాడు కదా! ఆయన చేసిందల్లా భోజనం దగ్గర నుండి లేవడం. దాన్ని పౌలు మర్యాద తప్పు అనలేదు. సువార్త సత్యం ప్రకారం సరిగా నడవకపోవడం అన్నాడు. ఆ వెంటనే, "విశ్వాసం వల్లే" అనే ఆ గొప్ప వచనం వచ్చింది.

దీని అర్థం ఏమిటి? అందరూ ఒక్క విశ్వాసం వల్లే దేవుని దగ్గర చోటు పొందినప్పుడు, దేవుడు తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నవాడితో కూర్చోను అని చెప్పే హక్కు నాకు లేదు. నేను లేచి వేరు కూర్చున్నానంటే, రక్షణకు విశ్వాసంతోపాటు ఇంకేదో కావాలని నా కాళ్ళతో చెప్పినట్టే. మంచి పుట్టుక కావాలి, మంచి వంశం కావాలి అన్నట్టే. కులం కూడా రక్షణకు చేర్చిన ఒక క్రియే.

అందుకే నేనంటాను, "విశ్వాసం మాత్రమే" అనే బోధను తేలిక బోధ అనేవాళ్ళు దాన్ని ఎప్పుడూ సరిగా వినలేదు. దానికంటే కఠినమైన బోధ లేదు. అది నా గొప్పను తీసేస్తుంది, పక్కవాడి తక్కువను కూడా తీసేస్తుంది.

ఒంగోలు దగ్గర మన పెద్దలు

అంతియొకయ మనకు దూరం అనుకుంటే గుండ్లకమ్మ దూరం కాదు. 1876 నుండి 1878 దాకా వచ్చిన గొప్ప కరువును మన ముత్తాతల కాలపు మాటగా విన్నాం. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని ఇచ్చాడు. తవ్వకం దగ్గర బోధకులు సువార్త చెప్పారు, వేలమంది విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళకు మాత్రం కరువు పనులు సాగినంత కాలం ఇవ్వలేదు. కడుపు కోసం ఎవరూ క్రీస్తు పేరు పెట్టుకోకూడదని ఆయన ఉద్దేశం. పని ఆగి, కూలి డబ్బు ఆగాక, అప్పుడు కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి ఇచ్చినవాళ్ళు మన తెలుగు బోధకులే.

వాళ్ళ చేతుల్లో ఏముంది? చదువు లేదు, భూమి లేదు, ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. విశ్వాసం ఒక్కటే ఉంది. దేవుడు దానితోనే తీసుకున్నాడు.

అలా నమ్మి వచ్చిన మాదిగ సహోదరులకు ఆ రోజుల్లో మిషను చెప్పిన విధులు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయవద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు. విగ్రహాలకు మొక్కవద్దు. ఇవి చిన్న విషయాలనుకోకండి. ఆదివారం పనికి రానంటే భూస్వామికి ఎదురు నిలబడటమే. చచ్చిన గొడ్డును వద్దంటే, ఆకలింట్లో దొరికే ఒక్క మాంసాన్నీ వదులుకోవడమే. జాతరలో డప్పు కొట్టనంటే తాతల నాటి ఊరి చాకిరీని తెంచుకోవడమే. అందుకు వాళ్ళను పనుల్లో నుండి తీసేశారు, దారులు మూసేశారు, కొట్టారు. అయినా నిలబడ్డారు. రక్షణ కొనుక్కోవడానికి నిలబడ్డారా? కాదు. తమను తక్కువవాళ్ళని ఊరు అంటోంది, కుమారులని దేవుడు అంటున్నాడు, దేవుని మాటనే నమ్మారు కాబట్టి నిలబడ్డారు. వాళ్ళ విధేయత వాళ్ళ విశ్వాసం నడిచిన నడకే.

మన జాబితాల్లో లేనిది

ఇప్పుడు మన సంగతి చూద్దాం. విధేయత కావాలని గట్టిగా అరిచే బోధకుల జాబితాలు నేను చాలా విన్నాను. నగలు తీయండి, తెల్లబట్టలు కట్టండి, సినిమా మానండి, పూలు పెట్టుకోకండి. ఆ జాబితాల్లో కట్నం మానండి అని ఎంత అరుదుగా వినబడుతుందో గమనించారా? పెళ్ళికూతురు ఒంటి మీద నగలు తీయించిన పాస్టరుగారే, ఆ నగల డబ్బు కట్నంగా చేతులు మారుతుంటే పందిట్లో ప్రార్థన చేస్తున్నారు. 1961 నుండి ఈ దేశ చట్టమే కట్నం ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ నేరమంటోంది. కైసరు సిగ్గుపడినదానికి సంఘం సిగ్గుపడటం లేదు.

కృప చాలు అనే బోధకుల సంగతీ ఇంతే. వాళ్ళ మాటల్లోనూ కట్నం రాదు, కులం రాదు. ఒకరు సులువైన ఆజ్ఞలను ఏరుకున్నారు, ఇంకొకరు ఆజ్ఞలే లేవన్నారు. ఇద్దరి దగ్గరికీ వెళ్ళినవాడు తన బీరువా తాళం తన దగ్గరే పెట్టుకుని ఇంటికి వస్తున్నాడు.

ఒకే ఊళ్ళో మాల సంఘం ఒకటి, మాదిగ సంఘం ఒకటి. ఒకే ప్రభువు, ఒకే వాక్యం, ఒకే బాప్తిస్మం, సమాధుల తోటలు మాత్రం రెండు. పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో రెడ్డి క్రిస్టియన్ వరుడు కావలెను, కమ్మ క్రిస్టియన్ వధువు కావలెను అని రాసి ఉంటుంది. ఆదివారం ప్రభువు బల్లలో ఒకే రొట్టె విరుస్తాం, సోమవారం సంబంధం మాట వస్తే అంతియొకయలో పేతురులా లేచిపోతాం. గుండ్లకమ్మ నీళ్ళలో దిగిన ఆ పెద్దల మనుమలం మనం. ఊరు మనల్ని వేరు కూర్చోబెట్టిందని వాళ్ళు ఏడ్చారు. ఈ రోజు మనం ఎవరిని వేరు కూర్చోబెడుతున్నాం?

మీలో కోపం వచ్చినవాళ్ళు ఉంటే, నా మీద కోపపడే ముందు గలతీ 2:11-16 మోకాళ్ళ మీద చదవండి.

రెండు వచనాలు

ఈ వాదంలో నాకు తరచు చూపించే వచనాలు రెండు. ఒకటి హెబ్రీ 5:9. క్రీస్తు తనకు విధేయులైన వారందరికీ నిత్యరక్షణకు కారకుడయ్యాడని అక్కడ ఉంది. నిజమే. ఆ పత్రికలోనే 3:18-19 చూడండి. అరణ్యంలో పడిపోయినవాళ్ళు అవిధేయులైనందుకు ప్రవేశించలేదని ఒక వచనం, అవిశ్వాసం వల్ల ప్రవేశించలేదని పక్క వచనం. పౌలు కూడా రోమా 10:16లో అందరూ సువార్తకు లోబడలేదని చెప్పి, దానికి రుజువుగా యెషయా మాట ఎత్తాడు, ఎవరు నమ్మారు అని. సువార్తకు లోబడటం అంటే మొట్టమొదట నమ్మడమే. నమ్మమని రాజు ఆజ్ఞాపిస్తే, నమ్మడమే ఆయనకు చేసే మొదటి విధేయత. ఇవి తక్కెడలో రెండు పక్కల పెట్టే రెండు బరువులు కావు.

రెండోది మత్తయి 7:21-23. ప్రభువా ప్రభువా అన్నవాళ్ళంతా ప్రవేశించరని, తండ్రి చిత్తం చేసినవాళ్ళే ప్రవేశిస్తారని. అక్కడ తోసివేయబడినవాళ్ళు ప్రభువుకు ఏమి చూపించారో చదవండి. ప్రవచించాం, దయ్యాలను వెళ్ళగొట్టాం, అద్భుతాలు చేశాం అన్నారు. తమ పనుల జాబితా పట్టుకుని వచ్చినవాళ్ళే బయట నిలబడ్డారు! మత్తయి 25లో కుడివైపు ఉన్నవాళ్ళను చూడండి. మేము నీకు ఎప్పుడు అన్నం పెట్టాం ప్రభువా అని వాళ్ళే ఆశ్చర్యపోయి అడిగారు. వాళ్ళ దగ్గర లెక్కల పుస్తకం లేదు. అన్నం మాత్రం పెట్టారు.

కూలీ, కొడుకు

మన పొలాల్లో రోజూ చూసేదే చెప్తాను. ఒకే చేలో కూలీ, రైతు కొడుకు పక్కపక్కన కలుపు తీస్తుంటారు. చేసేది ఒకే పని. కూలీ మనసు సాయంత్రం మీద ఉంటుంది. ఎన్ని గంటలకు దిగాలి, ఎంత ఇస్తారు అని అడుగుతాడు, అడగడం న్యాయమే. కొడుకు పొద్దు చూడడు. అర్ధరాత్రి కరెంటు వస్తే మోటారు వేయడానికి తానే లేస్తాడు. పని చేస్తే కొడుకుని చేస్తారని కాదు, కొడుకు కాబట్టి చేస్తాడు. పని సరిగా చేయని రోజు తండ్రి కోప్పడతాడు, అయినా రాత్రి అన్నం ఇంట్లోనే పెడతాడు.

రోమా 4:4-5లో పౌలు కూలి మాట ఎత్తింది ఇందుకే. లూకా 15లో పెద్ద కొడుకు ఎన్నడూ తండ్రి ఆజ్ఞ మీరలేదు, తానే చెప్పుకున్నాడు. కానీ 29వ వచనంలో ఆ విధేయతను దాసుడి చాకిరీలా లెక్క చెప్పాడు. కథ ముగిసేసరికి పాటించినవాడు గుమ్మం బయట ఉన్నాడు, తిరిగి వచ్చినవాడు విందులో ఉన్నాడు. వాళ్ళిద్దరి మధ్య తేడా ఎంత పాటించారన్న దాంట్లో లేదు. తండ్రిని నమ్మడంలోనే ఉంది.

కాబట్టి సహోదరుడా, సహోదరీ, రక్షణకు సరిపడా విధేయత నాలో ఉందా అని నిన్ను నువ్వు కొలుచుకోకు. ఆ కొలతలో పేతురు కూడా నిలబడడు. దాని బదులు, ప్రభువును ఏ విషయంలో ఇంకా నమ్మలేదో వెతుకు. కట్నం ఇవ్వకపోతే నా కూతురి గతి ఏమిటి అనేది పెళ్ళి సమస్యలా కనబడుతుంది, అడుగున ఉన్నది అవిశ్వాసం. ఆడకూలీకి మగవాడితో సమానంగా ఇస్తే నాకు ఏం మిగులుతుంది అనేది లెక్కల సమస్యలా కనబడుతుంది, అడుగున ఉన్నది అవిశ్వాసం. మన కులంవాళ్ళు వెలివేస్తే ఎవరు దిక్కు అనేదాని అడుగున కూడా అదే. నిన్ను ఏమీ అడగకుండా రక్షించిన ప్రభువు, నీ కూతురి విషయంలో నిన్ను మోసం చేస్తాడా?

మంచం మీద ఉన్నవాళ్ళకు, వృద్ధులకు, తమ తప్పులు తలుచుకుని నిద్ర పట్టనివాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: క్రీస్తు చాలు, ఆయన మీద ఆనుకోండి. పెళ్ళి మాటలకు కూర్చోబోతున్నవాళ్ళకు, పొలంలో కూలి లెక్క కట్టబోతున్నవాళ్ళకు, సంఘంలో పెద్దరికం ఉన్నవాళ్ళకు చెప్పేది కూడా అదే మాట: క్రీస్తు చాలు. ఆయన చాలునని నిజంగా నమ్మితే కట్నం అడగం, కూలి తగ్గించం, బల్ల దగ్గర నుండి లేవం.

ప్రేమగల పరలోకపు తండ్రీ, మా చేతుల పనిని బట్టి కాక నీ కుమారుని బట్టి మమ్మల్ని చేర్చుకున్నందుకు స్తోత్రం. నువ్వు చేర్చుకున్నవాళ్ళను మేమూ చేర్చుకునే విశ్వాసం మాకు దయచేయుము. మా ఇళ్ళల్లో, మా పెళ్ళి పందిళ్ళలో, మా పొలాల్లో నిన్ను నమ్మే ధైర్యం ఇవ్వుము. యేసు నామంలో వేడుకొంటున్నాం తండ్రీ, ఆమేన్.

ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక.